పడుకున్న కుండీకి నీళ్లెందుకు?

శివరాత్రి జాతరకు మేళ్లచెరువు వెళ్లొచ్చిన వాళ్లంతా ఎడ్ల పందేల ముచ్చట్లే చెబుతారు. నేను మాత్రం ఓ మట్టికుండీ కథ మోసుకొచ్చా!

హైదరాబాద్-విజయవాడ రహదారిలో కోదాడ దాకా వెళ్లి దక్షిణానికి తిరిగితే వస్తుందీ ఊరు. ఒకప్పుడు నల్గొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి నడుమ స్వయంభూ శంభులింగేశ్వరస్వామి ఆలయం. లింగం పైనున్న చిన్న రంధ్రంలో నీళ్లు ఎప్పటికీ ఇంకవని భక్తులు చెబుతారు. ఆ స్వామికి దండం పెట్టుకుని పెద్దమ్మ ఇంటికెళితే... వసారా మూలన చుక్క నీరు లేక బీటలు వారిన కుండీ!

అయ్యో అనుకుంటూ చెంబు అందుకున్నానో లేదో, పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. ''చచ్చిపోలే బిడ్డా, పండుకుంది. ఇప్పుడు పోస్తే కుళ్లిపోతది.''

నా గుండె గతుక్కుమంది. అది నేల ఆర్కిడ్. వృక్షశాస్త్రంలో పేరు జియోడోరమ్. అమ్మా పెద్దమ్మా ఒకే మొక్కను పంచుకుని పెంచారు. అమ్మ పోయాక ఆమె కుండీని హైదరాబాద్ తెచ్చుకున్నా. చలికాలంలో ఆకులు రాలిపోయేసరికి బెంగపడి రెండుపూటలా నీళ్లు పోశా. సంక్రాంతికి తవ్వి చూస్తే దుంపలన్నీ మెత్తటి ముద్ద!

ఇంతకీ తప్పెక్కడ? ఆకులు లేని మొక్క నీటిని పీల్చుకోదు. తడిమట్టిలో దుంప కుళ్లుతుంది. చైనా, జపాన్‌ల బ్లెటిల్లా ఆర్కిడ్లు చలికి నిద్రపోతే, మనవి వానల్లేని నెలలు గడవడానికి నిద్రపోతాయి. ఆకులు పసుపుబారగానే నీళ్లు తగ్గించి, రాలాక మానేసి, కుండీని నీడలో వదిలేయడమే మన పని.

''మృగశిరకు రా, నీ వాటా ఇస్తా'' అంది పెద్దమ్మ. జూన్‌లో మళ్లీ వెళ్లా. గోరంత మొలక కనిపిస్తోంది. పంచడానికి అదే అదను. మట్టి దులిపి, స్పిరిట్‌తో తుడిచిన కత్తితో కోసి, ఒక్కో ముక్కకు మూడు దుంపలైనా ఉండేలా చూసింది. పాత దుంపల్లోని నిల్వే కొత్త మొలకకు తిండి. కోసిన చోట ఆరాక ఇసుక కలిసిన ఎర్రమట్టి, ఆకుల ఎరువు, బొగ్గు ముక్కల మిశ్రమంలో పైపైన నాటింది. వేళ్లు సాగేదాకా నీళ్లు చిలకరిస్తే చాలట.

ఈ జాతి ఆర్కిడ్లు అడవిలో కనిపించినా తవ్వకండి. దుమ్ములాంటి వీటి విత్తనాల్లో తిండి నిల్వ ఉండదు. మట్టిలోని శిలీంధ్రం తోడైతేనే మొలుస్తాయి. ఒక్క దుంప పోతే మళ్లీ రావడం అంత తేలిక కాదు.

ఇప్పుడు మా బాల్కనీలో అమ్మ మొక్క మళ్లీ ఉంది. పూలకాడ తల వంచుకుని పూస్తుంది. కాయలు ముదిరేకొద్దీ నిటారుగా లేస్తుంది. కార్తీకం వెళ్లాక ఆకులు రాలితే... ఈసారి చెంబు ముట్టుకోను!