పటంలో వెలిసిన కాషాయం

పాలకొల్లులో రాజోలు బస్సెక్కి, చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటితే దిండి. అక్కణ్నుంచి కొబ్బరి తోటల మధ్యగా ఇంకాస్త వెళ్తే మలికిపురం. ఒకపక్క వశిష్ఠ, మరోపక్క వైనతేయ, దక్షిణాన సముద్రం. ఇటొచ్చేవాళ్లలో చాలామంది దిండిలో పడవెక్కడానికో, అంతర్వేది నరసింహస్వామిని దర్శించుకోవడానికో వస్తారు. నేను వెళ్లింది మాత్రం ఒక తపాలా బిళ్ల చూడ్డానికి.

ముప్ఫయ్యేళ్లుగా స్టాంపులు పోగేస్తున్నాను. (మా ఇంట్లో దీన్ని జబ్బంటారు.) ఆ సంగతి తెలిసి, ఎవరి ద్వారానో నంబరు పట్టుకుని ఒకాయన ఫోన్ చేశారు. ‘‘మా తాతగారు పటంలో అంటించిన స్టాంపండి. జెండాకి కాషాయం లేదు. అచ్చులో తప్పంట, లక్షలు పలుకుద్దంటున్నారు. మనవరాలిని నర్సింగులో చేర్చాలి. ఓసారి చూసి చెబుతారా?’’

పాత పెంకుటిల్లు. ముందుగది పైకప్పులో వెలుగు కోసం అమర్చిన అద్దం పెంకు. దాని ఎదురుగోడకే ఉంది పటం. గాంధీగారి బొమ్మ, కింద కుడిమూల స్టాంపు. ‘‘ఆయ్, ఇదేనండి’’ అంటూ మేకు మీంచి దించి నా చేతిలో పెట్టారు.

చూడగానే పోల్చుకున్నాను. 1947 నవంబరు 21న విడుదలైన మూడున్నర అణాల బిళ్ల. స్వతంత్ర భారతదేశపు తొలి స్టాంపు. ఎగిరే మువ్వన్నెల జెండా, నాగరి లిపిలో జైహింద్. విదేశాలకు రాసే ఉత్తరాల కోసం వేసిన ధర అది. బడిపంతులు అయిన ఆ తాతగారికి విదేశాల్లో ఎవరూ లేరట. జెండా ఉందని కొని, బంక రాసి అంటించేశారు. ఇప్పుడా జెండాలో కాషాయం ఉండాల్సిన చోట ఎండుగడ్డి రంగు. ఆకుపచ్చ కూడా నీళ్లు కలిపినట్టు పలచబడింది.

రంగు తప్పుతో అచ్చయిన స్టాంపుకి లక్షలు రావన్న మాటేం లేదు. స్వీడన్‌లో 1855 నాటి మూడు స్కిల్లింగుల బిళ్ల ఆకుపచ్చగా ఉండాల్సింది, ఒకటి పసుప్పచ్చగా అచ్చయిపోయింది. 1996లో జ్యూరిక్ వేలంలో దానికి పలికిన ధర సుమారు 23 లక్షల డాలర్లు. ఇలాంటి కబుర్లు పేపర్లో వచ్చినప్పుడల్లా ఊళ్లలో ట్రంకుపెట్టెలు తెరుచుకుంటాయి. కానీ ఆ తప్పు ముద్రణాలయంలో జరగాలి. ఎండ చేసిన తప్పుకి విలువ లేదు సరికదా, ఉన్న విలువా పోతుంది.

దండెం మీద రోజూ ఒకే మడతతో ఆరేసిన చీర ఎలా వెలుస్తుందో స్టాంపూ అంతే. వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువుల్ని విరగ్గొడతాయి. అన్ని సిరాలూ ఒకేలా తట్టుకోలేవు. నీలం, పసుపు కలిపి తయారుచేసిన ఆకుపచ్చలో పసుపు ముందుగా పోతే నీలం మిగిలిపోతుంది. అది చూసి ‘నీలిరంగు తప్పు బిళ్ల’ దొరికిందని సంబరపడి మోసపోయినవాళ్లున్నారు. మొదట్లో నేనూ ఒకణ్ని.

‘‘మందు పెట్టి కడిగితే రంగొస్తుందన్నాడండి ఒకబ్బాయి’’ అన్నారాయన. గుండె ఝల్లుమంది. ఆ కుర్రాడు విన్నది వేరే జబ్బుకి మందు. సీసం కలిసిన నారింజ, ఎరుపు సిరాలు గాల్లోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి గోధుమరంగుకో నలుపుకో తిరుగుతాయి. ఇక్కడివాళ్లకు ఆ వాయువు కొత్తకాదు, రొయ్యల చెరువు అడుగున నల్లబురద కెలికితే వచ్చే కుళ్లిన గుడ్డు కంపు అదే. అలా నల్లబడినదాన్ని హైడ్రోజన్ పెరాక్సైడుతో కొంత వెనక్కి తేవచ్చు. వెలిసిపోయిన రంగుని ఏ మందూ తేలేదు. పైగా కొన్ని సిరాలకు నీళ్లే గిట్టవు. 1883-84లో బ్రిటన్ కావాలనే అలాంటి సిరాలతో స్టాంపులు వేసింది. ముద్ర కడిగేసి మళ్లీ వాడదామనుకున్నవాడికి బిళ్లే పాడవ్వాలని!

ఇక దాచి లాభం లేదు. పటం వెనక మేకులు పీకించాను. చట్రం చెక్క స్టాంపు కుడి అంచుని సన్నగా కప్పి ఉంది. చెక్క తియ్యగానే, దానికింద జెండా కొసన, గోరంత మేర కాషాయం. మొన్న అచ్చేసినట్టుంది.

ఆయన చాలాసేపు దాన్నే చూశారు. ‘‘అయితే తప్పు కాదన్నమాట.’’ ‘‘కాదండీ. బాగున్నదైనా అంత దొరకని బిళ్లేం కాదు’’ అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. లోపల్నుంచి కొబ్బరినీళ్లు వచ్చాయి.

అప్పుడు చూశాను గది మూల, ఉత్తరాలు గుచ్చిన ఇనప తీగ. ఆయన కువైట్ నుంచి తల్లికి రాసినవి. కోనసీమలో ఇలాంటి తీగ లేని గల్ఫు ఇల్లు ఒకప్పుడు అరుదే. పైకవరు మీద స్టాంపు పూర్తిగా పాలిపోయింది. దాన్నెత్తితే కింద రెండోది పరవాలేదు, మూడోది మిలమిలలాడుతోంది. ఒకదానికొకటి నీడ! 1990 జులై ముద్ర ఉన్న కవరు తర్వాత చాలా నెలలు ఏమీ లేవు. ఆ ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాయి. లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయుల్ని విమానాల్లో తీసుకొచ్చారు. ‘‘నేనూ అమ్మాన్ మీదుగానే వచ్చానండి. గుమ్మంలో నిలబడేదాకా అమ్మకి నేనున్నానో లేదో తెలీదు.’’

బిళ్లలు కత్తిరించొద్దనీ, కవర్లతో సహా కాగితంలో చుట్టి పొడిగా, చీకట్లో దాచమనీ చెప్పాను. రబ్బరు బ్యాండు వెయ్యొద్దు, దాన్లోనూ గంధకం ఉంటుంది. టేపు అసలే వద్దు. వానాకాలం దాటాక ఓసారి తీసి చూడాలి, చెమ్మకి గోధుమ మచ్చలు పడతాయి. ఆయన బుద్ధిగా తలూపి తీగ దించారు. పటాన్ని కూడా వెలుతురు తగలని పక్కగదిలో పెట్టబోయారు.

అప్పటిదాకా మాట్లాడని మామ్మగారు మంచం మీంచి అన్నారు. ‘‘అదెక్కడికిరా? మావగారు పెట్టిన చోటది. ఆ గదిలో పెడితే నాకేం కనపడుద్ది?’’

ఆయన నావైపు చూశారు. నేను కొబ్బరినీళ్ల గ్లాసువైపు చూశాను. మేకు అక్కడే ఉంది. పటం మళ్లీ దానికెక్కింది. నేను బయల్దేరే వేళకి అద్దం పెంకులోంచి జారిన ఎండ గోడమీద మెల్లగా పాకుతూ గాంధీగారి భుజం దాకా వచ్చింది.