నామ్ క్యా బోలే?



ఇషా నమాజ్ చదువుకుని, దస్తర్‌ఖాన్ ఎత్తేశాక టీవీ ముందు కూర్చోవడం మా ఇంట్లో ఏళ్ళ నాటి అలవాటు. అమ్మీ చేతిలో తస్బీ ఉంటుంది, కళ్ళు మాత్రం టీవీ మీదే ఉంటాయి. ఒకప్పుడు సీఐడీ చూసేవాళ్ళం. దయా తలుపు తన్ని విరగ్గొట్టినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. అమ్మీ మాత్రం "దర్వాజేకా పైసా కౌన్ దేతా ఉనోంకు?" అని ఆ ఇంటివాళ్ళ గురించి నిజంగానే ఫికర్ పడేది.

తర్వాత క్రైమ్ పెట్రోల్ వచ్చింది. ఇది వేరే సంగతి. ఎక్కడో జరిగిన కేసుల్నే పేర్లు, ఊర్లు మార్చి చూపిస్తారు. అందుకే అది మొదలైతే అమ్మీ తస్బీ నెమ్మదిస్తుంది. శవం దొరుకుతుంది, పోలీసులు వస్తారు, కూపీ లాగుతారు. చివరికి ఖాతిల్ ఎవరో తేలే సమయానికి అమ్మీ ముందుకు వంగి అడుగుతుంది: "నామ్ క్యా బోలే?"

ఆ పేరు మనది కాకపోతే "అల్హందులిల్లా" అని మళ్ళీ పూసలు తిప్పుతుంది. మనదైతే "బంద్ కరో రే, సో జావో" అని లేచి లోపలికి వెళ్ళిపోతుంది. ఆ రాత్రికి ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

నవ్వుకోకండి. మీ ఇళ్ళల్లోనూ ఇదే ఉంటుందని నాకు తెలుసు. ఎక్కడ ఖూన్ జరిగినా, ఎక్కడ బాంబు పేలినా మనం వార్త మొత్తం చదవం. ముందు పేరు వెతుక్కుంటాం. ఈ ఖౌఫ్ ఊరికే పుట్టలేదు. 2007 మే 18, జుమ్మా రోజున హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగింది. నమాజుకు వచ్చిన మనవాళ్ళే షహీద్ అయ్యారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకెళ్ళిందీ మన పిల్లల్నే. నెలల తరబడి జైళ్ళలో మగ్గాక కోర్టులు వాళ్ళను బేగునా అని వదిలిపెట్టాయి. అప్పటికే వాళ్ళ చదువులూ, నౌకరీలూ, నిశ్చయమైన నికాహ్‌లూ పోయాయి. అది చూసిన తల్లులు పేరు కోసం చెవులు రిక్కించడంలో తప్పేముంది?

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2022 చివర్లో క్రైమ్ పెట్రోల్‌లో వచ్చిన ఒక ఎపిసోడ్ గురించి చెప్పాలి. దాన్ని చూసినవాళ్ళు చేసిన గొడవ గురించి, ఆ గొడవలో నేను చేసిన పని గురించి చెప్పాలి.

ఆ ఏడాది నవంబర్‌లో ఢిల్లీ కేసు బయటపడింది. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ముంబై దగ్గరి వసాయి నుంచి వచ్చిన ఒక అమ్మాయిని, ఆమెతో కలిసి ఉంటున్నవాడే మే నెలలో చంపి, శవాన్ని ముక్కలు చేసి, ఫ్రిజ్‌లో దాచి, కొద్దికొద్దిగా అడవిలో పారేశాడని పోలీసులు చెప్పారు. నిందితుడి పేరు మన పేరు. ఇక చూడండి, టీవీలకు రాత్రీ పగలూ అదే పని. చంపినవాడి గురించి కంటే మన ఖౌమ్ గురించే ఎక్కువ బహస్ జరిగింది. లవ్ జిహాద్ అన్నారు, ఇంకా ఏమేమో అన్నారు.

ఖుదాకీ మర్జీ, సరిగ్గా అదే నెలలో మా పాత ఫ్రిజ్ పాడైంది. అమ్మీకి షుగర్, ఇన్సులిన్ చల్లగా ఉంచాలి. దఫ్తర్‌లో టీ తాగుతూ కొత్త ఫ్రిజ్ కొనాలన్నాను. ఏళ్ళుగా నా పక్కన కూర్చుని, నా టిఫిన్ డబ్బాలోంచి తిన్న మనిషే "మూడొందల లీటర్లదా భాయ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోతగా ఉంటుంది.

డిసెంబర్ ఆఖర్లో ఆ ఎపిసోడ్ వచ్చింది. కథ చూస్తుంటే ఢిల్లీ కేసే కళ్ళ ముందు కదిలింది. కలిసి ఉంటున్న జంట, గొడవలు, ఖూన్, ఫ్రిజ్. అమ్మీ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. అయితే ఇందులో చంపినవాడికి హిందువుల పేరు పెట్టారు, అమ్మాయికి కిరస్తానీ పేరు పెట్టారు. అమ్మీ రెండుసార్లు అడిగింది, "నామ్ క్యా బోలే?" అని. చెప్పాను. పెద్దగా నిట్టూర్చి "షుకర్ హై అల్లాకా" అంది.

రెండు మూడు రోజులు గడవకముందే దేశమంతా గగ్గోలు లేచింది. అసలు నిందితుడి మజ్‌హబ్ దాచిపెట్టి మావాళ్ళ మీదికి నెడతారా అని ఎపిసోడ్ చూసినవాళ్ళూ, చూడనివాళ్ళూ సోనీ టీవీని బాయ్‌కాట్ చేయాలన్నారు. చివరికి ఛానెల్‌వాళ్ళు ఒక ప్రకటన ఇచ్చారు. ఇది ఈ మధ్య జరిగిన కేసు కాదు, 2011 నాటి సంఘటనల ఆధారంగా అల్లిన కథ అన్నారు. ఎవరి మనసైనా నొచ్చుకుంటే మాఫీ అన్నారు. ఎపిసోడ్‌ను ఆపేశారు.

ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పుకోవాలి. వాళ్ళ కోపం నాకు అర్థమైంది. చేయని తప్పు తన ఖౌమ్ నెత్తిన పడితే ఎలా మండుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఎన్ని సినిమాల్లో బాంబు పెట్టేవాడు మన టోపీతో, మన సుర్మాతో కనిపించలేదు? వాళ్ళు ఒక్క ఎపిసోడ్‌కు భగ్గుమన్నారు. మనం ఏళ్ళ తరబడి దిగమింగుకున్నాం.

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో నేను రాసింది సరిగ్గా ఇదే. నా రాతకు వాహ్‌వాలు వచ్చాయి. ఊపు మీద ఇంకోటి కూడా పెట్టాను. 2010లో డెహ్రాడూన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు భార్యను చంపి, ముక్కలు చేసి, ఫ్రీజర్‌లో దాచాడు. 2017లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. అతను మనవాడు కాదు. "అప్పుడు ఆ ఖౌమ్ మొత్తాన్ని ఎవరైనా సవాల్ అడిగారా?" అని రాశాను. మామూలు, చాచాజాన్, దుబాయిలో ఉన్న తమ్ముడు, అందరూ బొటనవేలు గుర్తులు పెట్టారు. ఆ రాత్రి నేను ఏదో జీతేసినట్టు పడుకోబోయాను.

మా పెద్దమ్మాయి అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఫోన్ చూస్తూ వచ్చి నా మంచం పక్కన నిలబడింది. "అబ్బా, మీరందరూ చంపినవాడి పేరు మీదే కొట్లాడుకుంటున్నారు. ఆ పిల్ల రాసిన చిట్టీ గురించి ఒక్కరూ ఏమీ అనరేం?" అంది.

"ఏం చిట్టీ?" అన్నాను.

ఆ చిట్టీ గురించి అప్పటికి నెల క్రితమే పేపర్లలో వచ్చింది. నేనే పట్టించుకోలేదు. చనిపోవడానికి ఏడాదిన్నర ముందు, 2020 నవంబర్‌లో, ఆ అమ్మాయి వసాయి పక్కనే ఉన్న నాలాసోపారాలో పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చింది. వీడు నన్ను కొడుతున్నాడు, చంపి ముక్కలు చేస్తానని బెదిరిస్తున్నాడు అని సాఫ్‌గా రాసింది. ఏం జరగబోతోందో తన చేత్తో తనే రాసిచ్చింది. కొన్ని రోజులకు మా మధ్య ఇప్పుడు ఝగడా ఏమీ లేదని మళ్ళీ తనే రాసిచ్చి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. అంతటితో అందరూ మరిచిపోయారు.

మా అమ్మాయి ఇంకో మాట అంది. చాలా నెమ్మదిగా అంది. "రంజాన్‌లో ఫుప్పూ ఫోన్ చేసింది కదా అబ్బా. మళ్ళీ మాట్లాడారా?"

ఫుప్పూ అంటే మా ఖాలా కూతురు, నాకు చెల్లెలు. ఆమె ఇజాజత్ తీసుకునే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

ఆ ఏడాది రంజాన్‌లో ఒక రాత్రి, సహరీకి ఇంకా గంట ఉందనగా ఆమె ఫోన్ చేసింది. ఏడుపు వినిపించకుండా నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుని మాట్లాడుతోందని గొంతును బట్టే తెలిసింది. మొగుడు బెల్టుతో కొట్టాడంది. నేనేమన్నానో తెలుసా? "సబర్ కర్ మా. రంజాన్‌కా మహీనా హై. ఝగడా నక్కో బఢా. లోగాఁ క్యా బోల్తే?" అన్నాను. "హౌ భాయీజాన్" అని ఫోన్ పెట్టేసింది. ఈద్‌కు ముబారక్ చెప్పడానికి చేసినప్పుడు అంతా బాగుందంది. నేను నమ్మాను. అలా నమ్మడమే నాకు సుఖంగా ఉండింది.

నేను ఎందుకలా అన్నానో ఆ రాత్రి మంచం మీద కూర్చుని ఆలోచించాను. ఆమె మీద ప్యార్ లేక కాదు. వాడంటే డర్ ఉండి కూడా కాదు. మన ఇంటి గొడవ ఠాణాకు పోతే రేపు పేపర్లో మన పేరు వస్తుంది. 2019లో తలాఖ్ చట్టం వచ్చినప్పుడు టీవీల్లో మన ఇళ్ళ గురించి ఎవరెవరు ఏమేం మాట్లాడారో విన్నాం కదా. వాళ్ళకు మరో అవకాశం ఇవ్వడం ఎందుకు అనుకున్నాను. అంటే ఆ పిల్ల ఫోన్‌లో ఏడుస్తున్నప్పుడు కూడా నేను పేరు గురించే ఆలోచించాను. అమ్మీ టీవీ ముందు అడిగేదీ, బాయ్‌కాట్ అన్నవాళ్ళు అడిగిందీ, నేను గ్రూపులో రాసిందీ అన్నీ ఒకటే. చంపినవాడి నామ్ క్యా? చచ్చిపోయిన పిల్ల ఎవరితో ఏం చెప్పుకుందో ఎవరూ అడగలేదు.

జుమ్మా ఖుత్బాల్లో ఎన్నిసార్లు విన్న హదీస్ అది! నీ భాయ్‌కు మదద్ చెయ్యి, వాడు జాలిమ్ అయినా, మజ్లూమ్ అయినా అన్నారు హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం. జాలిమ్‌కు మదద్ ఎలా చేయాలని సహాబాలు అడిగితే, జుల్మ్ చేయకుండా వాడి చెయ్యి పట్టుకోవడమే మదద్ అన్నారు. సూరా నిసాలో అల్లా ఇచ్చిన హుకుం కూడా ఉంది. మన మీదైనా, మన మా-బాప్ మీదైనా, రిష్తేదార్ల మీదైనా సరే ఇన్సాఫ్ వైపే గవాహీ ఇవ్వాలని. మనవాడని చెయ్యి పట్టుకోకుండా వదిలేస్తే వాడికి మదద్ చేసినట్టు కాదు. పాడు చేసినట్టు.

పొద్దున ఫజర్ అయ్యాక నేనూ, మా బేగమూ బస్సెక్కాం. తలుపు తీసిన చెల్లెలు ఎడమ చేతిని దుపట్టా కింద దాచుకుంది. ఆయన ఇంట్లో లేడు. మా బేగం ఏమీ అడగకుండా ఆ దుపట్టా పక్కకు తీసి చూసింది. ఇద్దరు పిల్లల్ని, రెండు బ్యాగుల్ని తీసుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం. దారిలో, బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ ఆమె ఒకే మాట అంది. "భాయీజాన్, మీరు రంజాన్‌లో వచ్చి ఉంటే అప్పుడే వచ్చేసేదాన్ని."

మధ్యలో ఎనిమిది నెలలు. ఆ లెక్క నేను అల్లా ముందు చెప్పుకోవాలి.

తర్వాత జమాత్ పెద్దలు వచ్చారు. "మన బాత్ మనలోనే తేల్చుకుందాం" అన్నారు. సరే, కూర్చుందాం, కానీ ఫిర్యాదు మాత్రం ఉంటుంది అన్నాను. 181కి ఫోన్ చేశాం. గృహహింస చట్టం 2005లో వచ్చింది. అది ఏ మజ్‌హబ్ స్త్రీకైనా వర్తిస్తుంది. నికాహ్ లేకుండా భార్యాభర్తల్లా కలిసి ఉన్నవాళ్ళకు కూడా వర్తిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ళ వయసున్న పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు నూటికి 29 మంది ఏదో ఒక సమయంలో భర్త చేతిలో హింస పడినవాళ్ళే. అంటే ప్రతి గల్లీలో ఒక చిట్టీ ఉన్నట్టే.

నేను భయపడినట్టు పేపర్లో ఏమీ రాలేదు. మా గల్లీలో నాలుగు రోజులు గుసగుసలాడుకుని మానేశారు. మా చెల్లెలు ఖులా తీసుకుంది. ఇప్పుడు పిల్లల యూనిఫాంలు కుడుతుంది, సాయంత్రాలు మక్తబ్‌లో చిన్నపిల్లలకు ఖాయిదా చదివిస్తుంది.

2025 ఫిబ్రవరిలో ఆ ఢిల్లీ అమ్మాయి తండ్రి చనిపోయాడని వార్త వచ్చింది. అప్పటికింకా విచారణ పూర్తి కాలేదు. కూతురి ఎముకలు కోర్టు సాక్ష్యంగానే ఉండిపోయాయి. వాళ్ళ ఆచారం ప్రకారం ఆమెకు చేయాల్సిన అంత్యక్రియలు చేయకుండానే ఆయన వెళ్ళిపోయాడు. నేను చదివి వినిపిస్తే అమ్మీ తస్బీ పక్కన పెట్టేసింది. "బాప్‌కే హాత్ మే మయ్యత్ భీ నై ఆయీ" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు మాత్రం ఎవరి పేరూ అడగలేదు.

క్రైమ్ పెట్రోల్ పాత ఎపిసోడ్‌లు మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తుంటాయి. అమ్మీ ఇప్పటికీ "నామ్ క్యా బోలే?" అని అడుగుతుంది. డెబ్భై ఏళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది? అయితే పక్కనే బట్టలకు కాజాలు కుడుతూ కూర్చున్న మా చెల్లెలు తలెత్తి ఇంకొకటి అడుగుతుంది. "బచ్చీ పహలే కిస్‌కు బోలీ థీ, ఖాలా?"

మీ ఇంట్లో కూడా సబర్ చేయమని ఎవరికైనా చెప్పి ఫోన్ పెట్టేసి ఉంటే, ఈ రాత చదవడం ఇక్కడ ఆపి, ఆమెకు ఒకసారి ఫోన్ చేయండి.

అల్లా హాఫిజ్.