శ్రీహరికోట యాత్ర

సూళ్లూరుపేటలో రైలు దిగి తూర్పుగా పోవునపుడు త్రోవ పులికాటు సరస్సు నడుమ సాగును. చలికాలమున నందు రాజహంసలు బారులు తీరి మేయుచుండును. ఆ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న దీవియే శ్రీహరికోట. మావారి పాఠశాల పిల్లలతో మే మచటికి వెళ్లితిమి.

అచట మా మనస్సును పట్టినది స్రోస్-సి2 అను చిన్న ఉపగ్రహపు కథ. దాని జాతి ఉపగ్రహములను మోసిన రాకెట్టు 1987లోను 1988లోను కూలెను. 1992లో నెగిరినను, ఉపగ్రహము తక్కువ యెత్తున నిలిచి రెండు మాసములలోపే నశించెను. కడకు 1994 మే 4వ తేదీన నెగసిన స్రోస్-సి2 మాత్రము 2001 వఱకు భూమిని చుట్టెను.

సూర్యకిరణములు పైగాలిలోని పరమాణువులనుండి ఎలక్ట్రానులను ఊడదీయును. అట్లేర్పడిన విద్యుత్కణముల పొరయే అయనమండలము. దానిని కొలుచుటకు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు సన్నని లోహపు జాలీలుగల యంత్రమును అందమర్చిరి. మనము పిండి జల్లించునట్లే, జాలీపై వోల్టేజి హెచ్చించినకొలది మిక్కిలి శక్తిగల కణములే లోని పళ్లెమును చేరును. అందు పుట్టు స్వల్ప విద్యుత్తునుబట్టి కణముల సాంద్రతయు, వేడిమియు తెలియును.

ఇది పండితుల వేడుక మాత్రమే కాదు. దారిచూపు ఉపగ్రహముల సంకేతము లీ పొరలో నాలస్యమగును. దానిని సవరింపనిచో స్థానము పదుల మీటర్లు తప్పవచ్చును. విమానము నేలకు దిగువేళ అది యెంత ప్రమాదము!

సోదరీమణులారా! నిత్యము మానిక పట్టు మనకు కొలత విలువ వేఱుగ చెప్పనేల? ముమ్మాఱు తప్పినను విడువక కొలిచిన యీ కథ బిడ్డలకు చెప్పదగినది.