గాజుపెంకులు, బూడిద, నేను

మా టౌన్‌షిప్ పాఠశాలకు వెళ్ళే కాలిబాటను 2009లో నేనే దగ్గరుండి వేయించాను. దాని దిమ్మలలో కంకరకు బదులు కొంతవంతు పగిలిన గాజు కలిపించినదీ నేనే. 2012లో ఆ బాటను తవ్వించి పారవేయించిన నోటు మీద సంతకమూ నాదే. ఈ సంగతి మన పత్రికలో వ్రాయడానికి ఇన్నాళ్ళూ మనసొప్పలేదు. పదవీవిరమణకు ఇక కొద్ది నెలలే ఉన్నందున ఇప్పుడు వ్రాస్తున్నాను.

ఆ రోజుల్లో స్టోర్సు యార్డులో కిటికీ అద్దాల ముక్కలు, గెస్ట్‌హౌసు సీసాలు గుట్టగా పడి ఉండేవి. (ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది గనుక వాటి జోలికి పోలేదు. అంతమాత్రం వివేకం ఉండేది.) గాజులో సుమారు 70 శాతం సిలికాయే, అంటే ఇసుకలోని పదార్థమే. దానిని కాంక్రీటులో కలిపితే తప్పేమిటని నా తర్కం. మా మేస్త్రీ గారు ఒక పెంకును వేళ్ళ మధ్య త్రిప్పి చూచి, “మరీ నున్నగా ఉన్నది సార్, సిమెంటు దీన్ని పట్టుకోదు” అన్నారు. నేను 28 రోజుల క్యూబు పరీక్ష ఫలితం చూపి ఆయన నోరు మూయించాను.

రెండు వర్షాకాలాలు గడిచాయి. దిమ్మల మీద సాలెగూటివంటి సన్నని పగుళ్ళు కనిపించాయి. వాటిలోనుండి తెల్లని జిగురు ఊరింది. అంచులు పైకి లేచాయి. ఒకనాడు ఒక పాప బడికి పరుగెత్తుతూ తట్టుకొని పడి, మోకాలు చీరుకుపోయింది. ఆ సాయంత్రం నేను అన్నం సరిగా తినలేదు.

ఈ వ్యాధి కొత్తది కాదు. 1940లోనే కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ అనే ఇంజనీరు దీనిని గుర్తించి ప్రకటించాడు. మామూలు ఇసుకలో సిలికా స్ఫటికంగా బిగిసి ఉంటుంది. గాజులో ఆ కట్టుబాటు లేదు. అందుచేత సిమెంటులోని క్షారాలు దానిని సులువుగా కరిగిస్తాయి. అలా పుట్టిన జిగురు నీటిని పీల్చి ఉబ్బి, కాంక్రీటును లోపలినుండి చీలుస్తుంది. మేస్త్రీ గారు చెప్పిన కారణం వేరు, జరిగినది వేరు. అయినా ఆయన అనుమానమే గెలిచింది.

నన్ను ఎక్కువగా బాధించినది మరొకటి. ఈ చర్యను అణచగల ఫ్లైయాష్ మా విద్యుత్కేంద్రం చెరువులో కొండలా పడి ఉన్నది. దిమ్మలు త్వరగా గట్టిపడాలనే ఆత్రంతో నేను బూడిద కలవని సిమెంటే వాడించాను! గాజును కూడా 75 మైక్రాన్ల కంటె మెత్తగా నూరితే అదే శత్రువు మిత్రుడవుతుంది. సిమెంటునుండి వెలువడే సున్నంతో కలిసి బలాన్నిస్తుంది.

రెండవసారి తొందరపడలేదు. సిమెంటులో నాలుగవ వంతు తగ్గించి బూడిద వేశాము. గాజును పిండిగా నూరించి కొద్దిగా మాత్రమే కలిపాము. సన్నని కడ్డీలు పోతపోసి, 80 డిగ్రీల వేడిలో సోడియం హైడ్రాక్సైడు ద్రావణంలో 14 రోజులు నానబెట్టాము. సాగుదల 0.1 శాతం దాటకూడదు. రోజూ నేనే వెళ్ళి కొలిచేవాడిని. దాటలేదు. ఆ దిమ్మలను 2014లో స్టోర్సు వెనుక వేశాము. ఎక్కడ వేయాలో మేస్త్రీ గారినే అడిగాను.

ఇక తేలిక కాంక్రీటు ముచ్చట. ఒక సెమినారులో నురుగుగాజు ముక్కను చేతికిచ్చారు. గాజుపిండిలో వాయువు పుట్టించే పదార్థం కలిపి 800, 900 డిగ్రీల మధ్య కాలిస్తే అది రొట్టెలా పొంగుతుందట. మామూలు కాంక్రీటు ఘనమీటరుకు 2400 కిలోలు తూగితే, ఈ నురుగుగాజు కంకర 150 నుండి 250 కిలోలే తూగుతుంది. జర్మనీ, స్విట్జర్లాండు, నార్వేలలో నేల క్రింద, రోడ్ల క్రింద పరుస్తారు. మే నెలలో మా క్వార్టర్ల డాబాలు తలపుకొచ్చి ఆశపడ్డాను. కొలిమికి కావలసిన ఇంధనం లెక్క వేసి ఊరుకున్నాను.

స్టోర్సు వెనుక దిమ్మలు నేటికీ చెక్కుచెదరలేదు. బడిబాట మీద మాత్రం మామూలు రాతికంకర దిమ్మలే ఉన్నాయి. అక్కడ మళ్ళీ వేద్దామని నేను అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు.