పాత పరుగుబండి

మోటారుసైకిలు మన దేశమునఁ గట్నముల పట్టికలోఁ జిరకాలము స్థిరనివాస మేర్పఱచుకొన్న వస్తువు. మా తాతగారి కాలపు పెండ్లికొడుకు చేతిగడియారమునకై యలిగెను. తండ్రిగారి కాలపువాఁడు స్కూటరునకై యలిగెను. మా యీడువాఁడు మోటారుసైకిలునకై యలిగెను. ఇప్పటివాని యలుక కారుదాఁక వచ్చినది. మామగారి నడిగి బండి పుచ్చుకొనుటకు సిగ్గుపడని యీ పెద్దమనుష్యులే, త్రోవలో దాని చెయిను ఊడినచో వంగి తగిలించుటకు సిగ్గుపడుదురు. చేతికి నూనె యంటునట!

మేమును సంస్కృతము చదివి, ఇంగ్లీషు చదివి, బడిలోఁ బాఠములు చెప్పుకొని బ్రదుకువారమే. సుద్దముక్క, పుస్తకము తప్ప వేఱొక పనిముట్టు మా వంశమున నెవ్వరును బట్టి యెఱుఁగరు. అట్టి మేము రెండేండ్లుగా నాదివారములందుఁ బెరటి రేకులపందిరిక్రింద నొక పాత బండిని విప్పి బిగించుచున్నామని తెలిసి మిత్రులు నవ్వుచున్నారు. వారికొఱకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇది బాటపై నడచు బండి కాదు. మోటోక్రాస్ అను పందెమునకై యెవ్వరో మార్చుకొన్నది. మోటోక్రాస్ అనఁగా గుట్టలును గోతులును బురదయుఁ గల కచ్చానేలపైఁ బరుగు. 1924లో ఇంగ్లండునందలి క్యాంబర్లీయొద్ద జరిగిన పందెము దీనికి మొదలని చెప్పుదురు. పేరు మాత్రము ఫ్రెంచివారిది. దీనికై జపాను, ఐరోపా దేశములవారు ప్రత్యేకముగా బండ్లు చేయుదురు. వాని వెల యందక మన సామాన్యగృహముల పిల్లలు బాటబండినే పందెపుబండిగా మార్చుకొనిరి. అట్లు మాఱినవానిలో యమహా ఆర్.ఎక్స్. 100 ఒకటి. జపాను యమహావారితోఁ గూడి ఎస్కార్ట్స్‌వారు 1985 మొదలు 1996 వఱకు దీనిని మన దేశమునఁ దయారుచేసిరి. పేరునకు నూఱే కాని లోపలి కొలఁత 98 సీసీలు, బోరు 50 మిల్లీమీటర్లు, పిస్టను నడకయు 50 మిల్లీమీటర్లే, బలము 11 గుఱ్ఱములు, గేర్లు నాలుగు.

మాకు దొరకినదానికి ముందుదీపము లేదు. టైర్లకుఁ బెద్ద పెద్ద గుబ్బలు. ట్యాంకుపైఁ దెల్లరంగుతో 27 అను అంకె. కిక్కు కొట్టిన ఱాయిని దన్నినట్లుండెను. పశువులపాకలో గడ్డిక్రిందఁ బదునెనిమిదేండ్లు పడియున్నదని అమ్మినవాఁడు చెప్పెను.

ఈ పనిలో మాకు గురువు మా శిష్యుఁడే. పదవతరగతి గణితములోఁ దప్పి, విజయవాడ ఆటోనగరులోఁ బని నేర్చుకొని, మా యూరి సంతవీధిలో షెడ్డు పెట్టుకొన్న యిరువదియాఱేండ్లవాఁడు. బండి చుట్టు నొకమాఱు తిరిగి, ప్లగ్గు విప్పి చూచి, ఇంజను ప్రక్కమూఁత తీసి వ్రేలితోఁ దడవి, "మాష్టారూ, ఇది నూనె లేక పట్టెయ్యలేదండీ. సీలు దగ్గర గాలి లాగింది. బోరొక్కటే కొట్టిస్తే మళ్లీ పట్టేస్తుంది" అనెను.

ఆ మాటలోని శాస్త్రమును జదువరులకుఁ గొంచెము విప్పి చెప్పవలయును. ఇది రెండు నడకల ఇంజను. పిస్టను పైకిఁ బోవునపుడు క్రింది క్రాంకుపెట్టెలోనికిఁ బెట్రోలు కలిసిన గాలి చేరును. క్రిందికి వచ్చునపుడు ఆ గాలియే నొక్కుడుపడి ప్రక్కదారులగుండ మీఁదికిఁ బోవును. అనఁగాఁ గ్రాంకుపెట్టె కొలిమితిత్తివంటిది. తిత్తికిఁ జిల్లుపడిన కమ్మరి గతి యేమి? క్రాంకు కొనలయందుండు రబ్బరుసీళ్లు ఎండి చిట్లినచో బయటిగాలి లోనికిఁ జొచ్చును. గాలి హెచ్చి పెట్రోలు తగ్గి, లోపల వేఁడిమి మీఱును. పిస్టను ఉబ్బి బోరుగోడలను బట్టివేయును. రోగమును విడిచి పుండునకు మందు వేయరాదని వాని తాత్పర్యము.

కిరసనాయిలును బలుచని నూనెయుఁ గలిపి తొమ్మిది దినములు నానఁబెట్టి, పదవనాఁడు చెక్కదిమ్మెతోఁ దట్టఁగాఁ బిస్టను కదలినది. సీళ్లు మార్చితిమి. బోరును ఆటోనగరునకుఁ గొనిపోయి అరమిల్లీమీటరు పెంచించితిమి. పిస్టనుకును గోడకును నడుమ నుండవలసిన సందు మిల్లీమీటరులో నిరువదవవంతునకు లోపే. ఎక్కువైన మ్రోఁగును, తక్కువైన మఱలఁ బట్టును. బోరింగు పనివాఁడు కొలఁత తీయుచుండఁగా మావాఁడు ఊపిరి బిగఁబట్టి నిలిచెను. శిష్యునినోట స్వరము తప్పునేమో యని చెవియొగ్గు వేదపాఠకుని మేము చిన్ననాఁట నట్లే చూచితిమి.

పొగగొట్టము కథ వేఱు. పందెపుబండి గొట్టము మద్దెలవలె నడుమ నుబ్బి కొనల సన్నగిల్లియుండును. బయటికిఁ బోవు పొగ యల ఆ వెనుకటి సన్నపుఁగొనకుఁ గొట్టుకొని మఱలివచ్చి, వృథాగాఁ బోఁబోవు క్రొత్తగాలిని లోనికిఁ ద్రోయును. ఈ విద్యను సాధించినవాఁడు 1950ల దశకమునఁ దూర్పుజర్మనీయందలి ఎం.జెడ్. కర్మాగారమునఁ బనిచేసిన వాల్టర్ కాడెన్. 1961లో వారి పందెగాఁడు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడను పందెమునుండి పశ్చిమమునకుఁ బాఱిపోయి, ఆ మర్మమును జపాను సుజుకీవారి కందించి, మఱుసటి యేఁడే 50 సీసీల ప్రపంచవిజేత యయ్యెను. 1970లో సుజుకీవారు మోటోక్రాస్‌నందును 250 సీసీల ప్రపంచవిజయమును బడసిరి. మా బండి గొట్టమును ఏ యూరి వెల్డరో రేకును ముక్కలుగాఁ గత్తిరించి యతికినాఁడు. లెక్క కాడెనుది, చేయి వానిది. ఇద్దఱి పేరును దానిపై లేదు.

ఒకనాఁడు మా బంధువులలోఁ బెద్ద యొకరు వచ్చిరి. బండిని జూచి ముచ్చటపడిరి. చక్రమునకు స్పోకులు బిగించుచున్న మా కూఁతురితో, "చేతులిలా చేసుకుంటే రేపు పెళ్లిచూపుల్లో ఏం చెప్తావే?" అనిరి. "స్పోకులు బిగించానని చెప్తాను తాతయ్యా" అని అది చక్రమును ద్రిప్పి వంకర చూచుకొనెను. ముప్పదియాఱింటిలో నొక్కటి హెచ్చు బిగిసినను జక్రము చెడును. దానికిఁ బెండ్లిచూపులు తోఁచుట కది సమయము కాదు.

భోజనమువేళ మావాఁడు మా ప్రక్కనే కూర్చుండెను. పెద్దవారు మా చెవియొద్దకు వంగి, "కుర్రవాడు మనవాళ్లేనా?" అని యడిగిరి. ఆ మెల్లనిమాట పందిరియంతయు వినఁబడినది. మా గృహిణి వడ్డించుచునే, "మా ఇంట్లో తినేవాళ్లంతా మనవాళ్లే మామయ్యగారూ" అనెను. వారి యాఁకలి మందగించినది. మావాఁడు విననట్లు తలవంచుకొని తినెను. విననట్లుండుట వాని కెంత యలవాటైనదో మాకప్పుడు కనఁబడినది. తరువాత వచ్చిన దసరాకు ఆ పెద్దవారే తమ కారునకు బొట్టుపెట్టి, చక్రముక్రింద నిమ్మకాయ నలిపించిరి. స్పానరునకుఁ గుంకుమ; స్పానరు పట్టిన చేతికి వేఱు గ్లాసు.

బండి సిద్ధమగుచుండఁగాఁ గొనువారును వచ్చిరి. దీపము పెట్టి, పాత గార్డులు తగిలించి, క్రొత్తదానివలె మెఱపించినచో నేఁడు లక్షకుఁ బైఁబడి పలుకును. వచ్చినదానిలో సగము వానిది. షెడ్డు అద్దె యెంత బాకీయున్నదో మే మెఱుఁగుదుము. కాఁబట్టి వలదని మేమే చెప్పుట న్యాయము కాదని, నిర్ణయము వానికే విడిచితిమి. రెండువారములు వాఁడేమియు ననలేదు. మూఁడవవారమున, ఫ్రేముమెడయొద్ద విఱిగినచోట వేసిన పాత వెల్డింగుపై వ్రేలుంచి, "అమ్మాలంటే ఇది అరగదీసి రంగు వెయ్యాలండీ. ఎవడో బాగా కష్టపడి వేశాడు" అని యూరకుండెను. కొనువారిని బంపివైచితిమి. 27 అంకెయు నట్లే యున్నది.

గడచిన వేసవిని ఎండిన చెఱువునేలపై మొదట వాఁడును, తరువాత హెల్మెటు బిగించుకొని మా కూఁతురును దానిని నడపిరి. లీటరు పెట్రోలునకు నలువది మిల్లీలీటర్ల నూనె కలిపితిమి. నీలిపొగ గట్టుదాఁక వచ్చినది. ఈ పొగ ఊరిగాలికి మేలుచేయునది కాదు. ఇట్టి బండ్లు నిబంధనలకుఁ దాళలేక బజారునుండి తొలఁగుట న్యాయమే. మేము నెలకొక యరగంట చెఱువులోనే త్రిప్పుచున్నాము. మూఁడవ గేరు మాత్ర మింకను జాఱుచున్నది. పండ్లు అరిగినవని మావాఁడు ఆటోనగరు పాతసామానుల యంగళ్లలో వెదకి యొకటి తెచ్చినాఁడు. వచ్చు నాదివారము ఇంజను మఱల విప్పవలయును.