దేవుడు నేర్పిన పాటలు

మాది బాగేపల్లి. పోయిన దసరా సెలవులకు చింతామణి దగ్గర మా తాతగారి ఊరికి పోయాను. బెంగళూరులో పనిచేసే మా మామ కూడా వచ్చినాడు. తన ఫోన్‌లో ఒక ఆల్బం చూపించాడు. పేరు 'సాంగ్స్ ద లార్డ్ టాట్ అస్'. అంటే దేవుడు మనకు నేర్పిన పాటలు. అవ్వ అది విని, "భజన పాటలా నాయనా? పెట్టు, నేనూ వింటాను" అని వచ్చి కూర్చుంది. రెండు నిమిషాలకే లేచిపోయింది. "దయ్యం పట్టినోళ్ళ మాదిరి అరుస్తా ఉండారు" అంది.

అవ్వ మాట పూర్తిగా తప్పు కాదు. ఆ పాటల్లో తోడేలుగా మారే పిల్లోడున్నాడు, ఆడే శవాలున్నాయి. పాడింది అమెరికాలోని 'ద క్రాంప్స్' అనే బృందం, 1980లో. ఉండేది నలుగురే. రెండు గిటార్లు, డ్రమ్ములు, ఒక గొంతు. బేస్ గిటారు లేనే లేదు! 1950లనాటి రాకబిల్లీ పాటకు పంక్ మొరటుతనాన్ని, దయ్యాల సినిమాలను కలిపారు. దీన్నే సైకోబిల్లీ అంటారు. ఆ మాట 1976లో జానీ క్యాష్ పాడిన పాటలోది. ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి ఒక్కొక్క భాగమే దొంగిలించి కట్టుకున్న కారు గురించిన పాట అది. క్రాంప్స్ వాళ్ళు ఆ మాటను తమ పోస్టర్ల మీద వేసుకున్నారు. తర్వాత లండన్‌లో మీటియర్స్ లాంటి బృందాలు ఆ దారి పట్టాయి.

నాకు నచ్చింది వేరే సంగతి. పాడే లక్స్ ఇంటీరియర్, గిటారు వాయించే పాయిజన్ ఐవీ, ఇద్దరూ ఎవరూ పట్టించుకోని పాత రికార్డులు వెతికి పోగుచేసేవాళ్ళు. ఈ ఆల్బంలో కొన్ని అలాంటి పాత పాటలే.

మా తాత దగ్గరా ఒక పాత నోట్‌బుక్ ఉంది. అందులో కైవారం తాతయ్యవారి కీర్తనలున్నాయి. పాటలు తెలుగు, అక్షరాలు కన్నడం. తాత చదివింది కన్నడ బడిలో కదా! పోయినేడు భజనకు రమ్మంటే, స్నేహితులు నవ్వుతారని "పరీక్ష ఉంది తాతా" అన్నాను. పరీక్ష లేదు. తాత ఒక్కడే తంబూర తీసుకొని పోయినాడు.

ఆ రాత్రి నేనే నోట్‌బుక్ అడిగాను. తాత ఏమీ అనకుండా తాళాలు నా చేతికిచ్చినాడు. మొదటి పాటకే తాళం తప్పాను. "నీ ఫోన్‌లో దయ్యాలే నయంరా" అని నవ్వి మళ్ళీ ఎత్తుకున్నాడు. మూడో చరణం దగ్గర ఆగిపోయాడు. అక్కడ కాగితం చినిగిపోయింది. సంక్రాంతికి కైవారం పోయి, అడిగి రాసుకొని వద్దామన్నాడు.