కాళ్లు ఆనుతున్నాయా?

నలభై ఎనిమిదేళ్ల వయసులో మోటార్ సైకిల్ కొంటానంటే మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. నవ్వారు. వద్దంటే వాదించొచ్చు. నవ్వితే ఏం చేస్తాం?

స్కూటర్ నాకు ఇరవై ఏళ్లుగా అలవాటే. నెల్లూరులో కాలేజీకి, బజారుకి దాని మీదే తిరిగాను. అయితే సముద్రం ఒడ్డు పల్లెల్లో చేపలమ్మే ఆడవాళ్ల జీవిత కథలు రికార్డు చేయడం మొదలుపెట్టాక ఆ చిన్న చక్రాలతో ఇబ్బంది మొదలైంది. మైపాడు, కొత్తకోడూరు, కృష్ణపట్నం దారులన్నీ రొయ్యల గుంటల మధ్య నుంచే పోతాయి. పక్కనుంచి గాలి తోసేస్తుంది. ఎదురుగా లారీ వస్తే మార్జిన్‌లోకి దిగాలి, మార్జిన్ నిండా ఇసుక. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నడుం నాది కాకుండా పోయేది. చక్రాలు పెద్దగా, సీటు కిందికి, వీపు నిటారుగా ఉండే బండి కావాలనిపించింది. అట్లాంటి వాటిని క్రూయిజర్లంటారని తెలిసింది.

2023లో షోరూముల చుట్టూ తిరిగాను. మొదటి దాంట్లో మొదటి ప్రశ్న: "సార్ రాలేదా మేడమ్?" రెండో దాంట్లో స్కూటర్లున్న వైపుకి దారి చూపించారు. బండి నాకేనని నమ్మించాక సీసీలు, మైలేజీ, రంగులు చెప్పారు. "ఇది మీకు బాగుంటుంది మేడమ్, లుక్ వస్తుంది" అన్నారు. ఎక్కి కూర్చోండి, కాళ్లు ఆనుతున్నాయేమో చూడండి అని మాత్రం ఎవరూ అనలేదు.

నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు 2020లో తెచ్చిన మెటియోర్ 350 చూశాను. సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, బరువు 191 కిలోలు. బజాజ్ అవెంజర్ 220 సీటు ఎత్తు 737, బరువు 163. తేడా ఇటు 28 మిల్లీమీటర్లు, అటు 28 కిలోలు. కాగితం మీద ఒక అంగుళం ఎంత? కానీ మెటియోర్ మీద నా మునివేళ్లు మాత్రమే నేలకి తగిలాయి. సీటు వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై కాలు ఇంకా పొట్టిదవుతుందని కూడా అప్పుడే తెలిసింది. షోరూము గచ్చు మీద మునివేళ్లు చాలు. ఇసుక మార్జిన్‌లో బండి ఒక పక్కకి ఒరిగితే 191 కిలోల్ని మునివేళ్లు ఆపలేవు. మంచి బండే, ఇంజను నెమ్మదిగా, నిబ్బరంగా లాగుతుంది. కానీ నాది కాదు.

అవెంజర్‌లోనే మళ్లీ రెండు రూపాలున్నాయి. ఒకటి క్రూజ్, ఒకటి స్ట్రీట్. ఇంజను ఒకటే, సీటు ఎత్తు ఒకటే. క్రూజ్‌కి మెరిసే క్రోమ్, ముందు గాలి అద్దం, వెనక కూర్చున్నవాళ్లకి వీపు ఆనించుకునే దిండు, వెనక్కి వంగి పైకి లేచిన హ్యాండిల్. స్ట్రీట్‌కి అవేవీ లేవు. నల్లగా, పొందికగా, హ్యాండిల్ చదునుగా ఉంటుంది. నా మనసు స్ట్రీట్ మీదే ఉంది. క్రూజ్ నాకు పెళ్లికొడుకు ఊరేగింపు గుర్రంలా కనిపించింది.

రెండింటి మీదా కూర్చుని హ్యాండిల్‌ని చివరిదాకా తిప్పి చూశాను. ఇరుకు రోడ్డు మీద బండి మళ్లించేటప్పుడు చేసేది అదే. స్ట్రీట్‌లో బయటివైపు పిడి నా చేతికి అందకుండా పోయింది. దాన్ని పట్టుకోవాలంటే నడుం వంచి ముందుకి జరగాలి. జరిగితే కాలు నేల వదులుతుంది. క్రూజ్ పిడి నా చేతిలోనే ఉంది.

ఏ బండి నప్పుతుంది, ఏ బండి అందుతుంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలని ఆ రోజు అర్థమైంది. మొదటి ప్రశ్నలో మనందరికీ పుట్టినప్పటి నుంచీ శిక్షణ ఉంది. చీర నప్పిందా, జడ నప్పిందా అని మనల్ని మనమే ఎదుటివాళ్ల కళ్లతో చూసుకుంటాం. నల్ల బండి మీద నేనెట్లా ఉంటానో ఊహించుకుంది కూడా ఆ కళ్లతోనే. అందడం సంగతి అద్దంలో కనపడదు, ఒంటికే తెలుస్తుంది. అందనప్పుడేమో మనం వస్తువుని తప్పుపట్టం. నేనే పొట్టి అనుకుంటాం.

ఈ బండికి ఒకప్పటి ప్రకటన వాక్యం "ఫీల్ లైక్ గాడ్". ఆ గాడ్ మగవాడేనని విడిగా చెప్పక్కర్లేదు. మన దేవతలే నయం, ఎవరి వాహనం వాళ్లకుంది. సింహం ఎత్తు ఎక్కువైందని దుర్గమ్మ ఒకరి వెనకాల కూర్చోలేదు.

మా అమ్మ కూర్చుంది. 1984లో మైపాడు నుంచి వస్తున్నాం. తమ్ముడు ట్యాంకు మీద, నేను నాన్నకీ అమ్మకీ మధ్య, అమ్మ చివర్న పక్కకి తిరిగి, ఒక చేత్తో నన్నూ ఒక చేత్తో సంచినీ పట్టుకుని. ఇందుకూరుపేట దాటాక కుచ్చిళ్లు చక్రంలో పడ్డాయి. అమ్మ చెయ్యి విరిగింది. ఆస్పత్రికి చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట: "చీర సర్దుకుని కూర్చోవద్దా మే?" చక్రాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ కూడా తనదే తప్పని ఒప్పుకుంది. ఆ తర్వాత ఆమె బండెక్కలేదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది ఈ సంగతి గురించే. వెనక మనిషి కూర్చునే మోటార్ సైకిల్‌కి పట్టుకునేందుకు పిడి, కాలు పెట్టుకునే ఆధారం, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. మనం చీర గార్డు అంటున్నది దాన్నే. మంచి నియమం, ఎన్నో చేతులూ కాళ్లూ కాపాడి ఉంటుంది. కానీ ఆలోచించండి. మోటార్ సైకిల్ మన ఒంటిని లెక్కలోకి తీసుకున్న చోటు వెనక సీటు. ముందు సీటుకి కొలతలు తీసినప్పుడు మన కాళ్లు ఎవరికి గుర్తొచ్చాయి?

పక్క రాష్ట్రంలో పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో, షీలా రాణీ చుంకత్ కలెక్టరుగా ఉన్నప్పుడు, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. ముందు కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని వాటినే ఇష్టపడ్డవాళ్లూ ఉన్నారట. తమకోసం చేయని వస్తువుని తమకి అందేలా చేసుకోవడం ఆడవాళ్లకి కొత్త కాదు. ప్రతిసారీ మనమే ఎందుకు సర్దుకోవాలన్నదే నా ప్రశ్న.

క్రూజే కొన్నాను. ఉప్పుగాలికి క్రోమ్ ఊరికే తుప్పు పడుతుంది. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. నల్లదైతే ఈ చాకిరీ తగ్గేది. ఇంకా అటువైపు మనసు లాగుతూనే ఉంటుంది, అబద్ధం ఎందుకు?

నేను ఎంచుకోగలిగింది కూడా జీతం ఉండబట్టేనని మర్చిపోలేదు. మైపాడు దగ్గర చేపలమ్మే ఒకామె బండి చుట్టూ తిరిగి చూసి, "బాగుండాది గానీ, మా గంప యాడ పెట్టాల?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకి అందే బండి ఇంకా రాలేదు. అప్పటిదాకా షేర్ ఆటోలో గంప ఒళ్లో పెట్టుకునే పోవాలి.

అమ్మకిప్పుడు డెబ్బై దాటాయి. బండి తెచ్చిన రోజు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. రంగు గురించి అనలేదు, నాకు నప్పిందనీ అనలేదు. వంగి వెనక చక్రం పక్కనున్న గార్డుని చేత్తో కదిలించి చూసింది. తర్వాత నన్ను ఎక్కి కూర్చోమని, నా పాదాల వైపు చూస్తూ అడిగింది.

"కాళ్లు ఆనతా ఉండాయా మే?"

ఆనుతున్నాయన్నాను. రెండు మడమలూ గట్టిగా నేలకి ఆనించి చూపించాను. అమ్మ నా భుజం పట్టుకుని, ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత, వెనకాల ఎక్కి కూర్చుంది.